చిన్న బండి పక్కన చిన్న బండి

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ గోడవార కూర్చున్నావిడ కూడా రావాలి. దూరంగా కూర్చుంటే నేను గొంతు పెంచాలి, గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

కిందటి వారం వినని వాళ్ళ కోసం నాలుగు మాటలు. మా హికరీ వాగు లోయలో ఏప్రిల్ నెలలో ఒక పొద్దున పొగమంచు రోడ్డంతా కమ్మేసింది. ఆ మంచులో నా చిన్ననాటి నేస్తం ఓపల్ తన ఇంటి ముందున్న ఉత్తరాల డబ్బా దగ్గరికి వెళ్ళింది. ఎవరో బండితో గుద్ది, ఆగకుండా పోయారు. డబ్బా గుంజతో సహా కాలవలో పడింది, దాని పక్కనే ఓపల్ పడింది. అప్పట్నించి పట్నం ఆసుపత్రిలో కళ్ళు తెరవకుండా ఉంది. ఆ పొద్దున ఆ మలుపులో ఎదురొచ్చిన బండిని చూసినవాడు ఒక్కడే, లోంజో. "చిన్న పికప్పు. రంగు తెలీలేదు. చిన్నది మాత్రం ఖాయం" అన్నాడు. అంతే, లోయంతా మా తమ్ముడు ఆర్విల్ వైపు తిరిగింది. మా లోయలో చిన్న పికప్పు, అదే వెనక తొట్టి ఉన్న బండి, అంటే చిన్న పిల్లలకి కూడా ఆర్విల్ బండే గుర్తొస్తుంది. వాడి వయసు సగం ఉంటుంది దానికి. పైగా వాడికీ ఓపల్‌కీ వేటకుక్కల మీద తగవు. "ఈవిడ ఏదో ఒక రోజు నా బండి కింద పడుతుంది" అని కొట్లో నలుగురి ముందు వాగాడు కూడా. నోరుంది చూశారూ, అది కుక్క కంటే ఎక్కువ కరుస్తుంది, తిరిగి మనల్నే కరుస్తుంది.

అదీ సంగతి. ఇప్పుడు మే నెల ఆఖరి ఆదివారానికి వచ్చాం. మా వాళ్ళందరం కొండ మీద చర్చి దగ్గర చేరి, సమాధులు కడిగి, పూలు పెట్టి, అక్కడే భోంచేసే రోజు. మర్నాడు ఆర్విల్‌ని జడ్జి ముందు నిలబెడతారు, అప్పటిదాకా జామీను మీద బయటే ఉన్నాడు.

మా భోజనాల పద్ధతి ఒకటుంది. బల్లలు వెయ్యం. బండ్లన్నీ సమాధుల కంచెకి మొహం పెట్టి, వీపులు మావైపు వచ్చేలా వరసగా ఆపుతాం. వెనక తలుపులు దించితే అవే బల్లలు. ఒక బండి మీద ఉడికించిన చిక్కుళ్ళు, ఒకదాని మీద మొక్కజొన్న రొట్టె, ఇంకోదాని మీద ఎండు ఆపిల్ ముద్ద పెట్టి పొరలు పొరలుగా పేర్చిన కేకు. మా అమ్మ రోజుల్లో గుర్రపు బండ్లు కూడా ఇలాగే నిలిపేవాళ్ళు. గుర్రాలకి గడ్డి అటువైపు, మనుషులకి కూడు ఇటువైపు. అందుకని ఏమవుతుందంటే, మేం ఆ రోజంతా బండ్ల వీపులే చూస్తాం. మొహాలు కంచె మీద అల్లుకున్న తీగల్లో దూరి ఉంటాయి. వాటిని చూసేది చచ్చిపోయినవాళ్ళే.

ఆ వరస చివర లోంజో బండి. వెనక నాలుగు చక్రాలు, ఎక్కడానికి మెట్టు, బండి కాదు మేడ. దాని పక్కన నా మనవరాలు కెన్నాది. ఆ పక్కన పాస్టరు గారిది, అదో మేడ. రెండు మేడల మధ్య కెన్నా బండి గేదెల మధ్య దూడలా ఉంటుంది. కిందటేడు కొన్నప్పట్నించీ దాని పేరు దూడే. వచ్చే పోయే ప్రతివాడూ దాని వీపు తట్టి, "ఏమే కెన్నా, ఇది పెరిగాక ఏమవుతుంది?" అనేవాడు. కెన్నా నవ్వేది. కంపెనీవాళ్ళు కూడా చిన్నదనే అమ్మారు, మేమూ చిన్నదనే కొనుక్కున్నాం.

కెన్నా గురించి చెప్పాలి. నా కూతురు పోయాక నా చేతుల్లో పెరిగిన పిల్ల. పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో రాత్రి పని. మా లోయ నుంచి అక్కడ చేరిన ప్రతి ముసలమ్మకీ స్నానం చేయించేది, జడ వేసేది తనే. తెల్లారాక ఇంటికొస్తుంది. పొట్టిది, నా పోలికే. స్టీరింగు వెనక దిండు వేసుకు కూర్చుంటుంది.

మధ్యాహ్నానికి ముందే పాస్టరు గారు పక్క లోయలో ప్రార్థన ఉందని బయల్దేరారు. ఆయన బండి తీయగానే వరసలో పన్ను ఊడినట్టు ఖాళీ వచ్చింది. అప్పుడొచ్చాడు ఆర్విల్. వాడొస్తాడని ఎవరూ అనుకోలేదు. ఒకావిడ తన గిన్నె మీద మూత పెట్టింది, వాడి చూపు తగిలితే కూర విరిగిపోతుందన్నట్టు. వాడు ఎవరినీ చూడకుండా ఆ ఖాళీలోకి బండి దూర్చి, దిగి, వెనక తలుపు దించాడు.

"అక్కా, నీ గిన్నె ఇటు పెట్టు. మిగతా వాటి మీద నీకు చెయ్యి అందదు కదా" అన్నాడు.

నిజమే. ఏళ్ళ తరబడి నా కోడికూర గిన్నె వాడి బండి మీదే పెడతాను. వంగక్కర్లేదు, ఎత్తక్కర్లేదు, నా తొడల దగ్గరికి వస్తుంది. పెట్టాను. పెట్టి, గరిటె కోసం పక్కకి తిరిగాను. గరిటె కెన్నా బండి మీదుంది.

చెయ్యి చాపితే గరిటె అందలేదు.

మునివేళ్ళ మీద నిలబడ్డాను. దూడ వెనక తలుపు నా రొమ్ముల దాకా వచ్చింది. ఒక అడుగు వెనక్కేసి రెండు బండ్లూ కలిపి చూశాను. అమ్మా, అప్పుడు చూడాలి. పొద్దుట్నించీ దూడగా ఉన్నది ఉన్నట్టుండి ఎద్దయి నిలబడింది. ఆర్విల్ బండి దాని భుజం కింద నక్కిన కుక్కలా ఉంది. బండి పెరగలేదు, తరగలేదు. పక్కనున్నది మారిందంతే. గరిటె సంగతి మర్చిపోయి అక్కడే చూస్తూ నిలబడ్డాను. ఎందుకో అప్పటికి నాకే తెలీదు.

కేకు ముక్క నములుతూ లోంజో పక్కకొచ్చాడు. మంచివాడే. అబద్ధం చెప్పడం రాదు, వాడికున్న లోపం అదొక్కటే అని వాళ్ళమ్మే అనేది.

"అత్తా, నా మీద కోపంగా ఉందా? నేను చూసింది చెప్పాను. ఆర్విల్ పేరు నేను ఎత్తలేదు."

"నువ్వెత్తక్కర్లేదురా, ఊరు ఎత్తింది. ఒక్కటడుగుతాను చెప్పు. చిన్నదన్నావే, దేని పక్కన చిన్నది?"

"నా బండి పక్కన. నన్ను ఒరుసుకుంటూ పోయింది కదా."

"నీ బండి పక్కన ఈ చర్చి కూడా చిన్నదేరా."

పక్కన ఇద్దరు నవ్వారు. లోంజో కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఎక్కు" అన్నాను.

"ఏమిటి?"

"నీ మేడ ఎక్కు. ఆ రోజు ఎలా కూర్చున్నావో అలా కూర్చో. అక్కణ్ణించి ఆర్విల్ బండి చూసి, ఆ పొద్దున చూసింది అదేనా కాదా చెప్పు. రేపు జడ్జి ముందు చెప్పాల్సినవాడివి, ఇవాళ నా ముందు చెప్పలేవా?"

"తిండి మధ్యలో ఏం పరీక్షలత్తా!" అని గొణుక్కుంటూ ఎక్కాడు. ముసలమ్మ మాట తీసెయ్యలేడు. తలుపు వేసుకుని, అద్దం దించి, మెడ చాచాడు.

"కనపడిందా?"

"లేదత్తా. ఆర్విల్ బండి ఎక్కడా?"

"అక్కడే. కెన్నా బండికి అవతల."

"కెన్నాది అడ్డమొస్తోంది. ఇది తప్పించి ఇంకేం కనపడట్లేదు."

అన్నాడు. అన్నాక వాడి దవడ ఆగిపోయింది. కేకు నోట్లోనే ఉంది.

నేను మెట్టు పట్టుకుని నిలబడ్డాను. మెల్లిగా అడిగాను. "ఆర్విల్ రోడ్డు మీద ఎదురైతే నీకేం కనపడుతుంది రా?"

"కప్పు" అన్నాడు. "కప్పు మీద తుప్పు. ఎప్పుడూ పైనించే చూస్తాను వాణ్ణి. పిట్ట రెట్టతో సహా కనపడుతుంది."

"ఆ రోజు?"

కొండ వెనక మబ్బు ఒకటి లేచి ఎండని తినేసింది. ఆడవాళ్ళు గిన్నెల మీద గుడ్డలు కప్పుతున్నారు.

"ఆ రోజు కప్పు చూడలేదు. ముందద్దం చూశాను. నా కళ్ళకి ఎదురుగానే వచ్చింది. అద్దం మీద తుడుపు పుల్ల ఆడుతోంది, అటూ ఇటూ. వెనక ఎవరో, తల పైభాగం మాత్రం..." అంటూ కెన్నా బండి అద్దం వైపు చూసి, చప్పున మొహం తిప్పేసుకున్నాడు. దిగాడు. దిగుతుంటే కాలు మెట్టు తప్పింది. నా భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"అత్తా, నేనేం చూడలేదు."

"ఇప్పుడే కదరా చెప్పావు."

"నేనేం చెప్పలేదు. మంచు. మంచులో ఏం కనపడుతుంది? మా అమ్మకి వారం వారం తల రుద్దేది ఆ పిల్లేనత్తా. మా అమ్మ నన్ను గుర్తుపట్టదు, ఆ పిల్లని గుర్తుపడుతుంది. చిన్న బండి అన్నాను, అంతే. నన్నింక ఏమీ అడక్కు."

వెళ్ళిపోయాడు. అబద్ధం రానివాడు ఆ రోజే మొదటిసారి నేర్చుకున్నాడు. నా ముందే నేర్చుకున్నాడు.

అందరూ వర్షం వస్తుందా రాదా అని ఆకాశం చూస్తుంటే నేను రెండు బండ్ల మధ్యన దూరి కంచె వైపు నడిచాను. తీగలు జుట్టుకి తగులుకున్నాయి. తేనెపూల వాసన, తల నొప్పొచ్చేంత వాసన. అక్కడ మా వాళ్ళ సమాధులు, ఇక్కడ బండ్ల మొహాలు, మధ్యలో నేను.

ఓపల్ ఉత్తరాల డబ్బా సంగతి మీకు చెప్పాలి. ఏటా కంకర పోసి పోసి మా రోడ్డు ఎత్తు పెరిగింది. డబ్బా మాత్రం పాత గుంజ మీదే ఉండిపోయింది. నా బొడ్డుకి నాలుగు వేళ్ళు పైకి వచ్చేది. ఓపల్‌కి భుజం లేవదు, అందుకని అదే నయమనుకుని ఎత్తు పెంచలేదు. దాన్ని కాలవలోంచి తీసింది నేనే. మా వరండాలో ఉంది. గుంజ నేల దగ్గర, మొదలంటా విరిగింది గానీ, దాని ఒంటి మీద ఎక్కడా గీత లేదు. డబ్బా మాత్రం, ఆ రేకు డబ్బా, పెనం మీద రొట్టెలా చదునైపోయింది. రోజూ దాన్ని చూస్తూ కాఫీ తాగాను, తమ్ముణ్ణి తలుచుకుని ఏడ్చాను. ఆ రేకు నాకేదో చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

ఆర్విల్ బండికి ఎదురుగా నిలబడ్డాను. దాని ముక్కు నా బొడ్డు కిందికి వచ్చింది, అక్కణ్ణించి వెనక్కి వాలిపోయింది. ఆ ముక్కు డబ్బాని గుద్దదు. గుంజని విరుస్తుంది, డబ్బా వచ్చి బానెట్ మీద పడుతుంది.

రెండడుగులు పక్కకి వేసి కెన్నా బండి ముందుకెళ్ళాను.

గోడ. నిటారుగా గోడ. బొడ్డు దాటి, నాలుగు వేళ్ళు దాటి, ఇంకా పైకి. గాలి లోపలికి పోయే నల్ల ప్లాస్టిక్ జల్లెడ కొత్తగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న రేకు మీద ఏడాది దుమ్ము గీతలున్నాయి, మొహం మీద ఒక్కటీ లేదు. ఒక లైటు మూలన కొత్త సరుకుకి అంటించే చీటీ పీకేసిన జిగురు మరక ఇంకా ఉంది. నేను డ్రైవరు కూర్చునే చోటు వెతికాను. స్టీరింగు పైఅంచు కనపడింది, సీటు కనపడలేదు. మోకాళ్ళు కాస్త వంచాను, ఓపల్ నాకంటే పొట్టి కదా. అసలేమీ కనపడలేదు. నల్ల గోడ, పైన మబ్బు. ఇక్కణ్ణించి సీటు కనపడకపోతే సీటు నుంచి ఇక్కడున్నవాళ్ళు ఎలా కనపడతారు?

లేడి. కెన్నా మాకు లేడి అని చెప్పింది.

మా కొండల్లో లేడి తగలని బండి ఉండదు. వసంతంలో ఎవరైనా మొహం పగిలిన బండితో వస్తే, "లేడి తగిలిందా?" అంటాం, "అవును, లేడే" అంటారు, అయిపోతుంది. ఏప్రిల్‌లో కెన్నా పట్నంలో బండి బాగుచేయించుకొచ్చింది. కొండ మీది రోడ్డులో లేడి తగిలిందంది. అందరం అయ్యో అన్నాం. లోంజో అయితే, "మాంసం ఏం చేశావే, ఒక్కదానివే తిన్నావా?" అని ఆట పట్టించాడు. పారిపోయిందంది. అది ఓపల్ పడ్డ వారమే అని ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? అందరి కళ్ళూ చిన్న బండి మీద, తుప్పు పట్టిన బండి మీద. లేడి మాటంటే మాకు సువార్త.

"అమ్మమ్మా."

తీగలు పక్కకి తప్పించి నిలబడి ఉంది. చేతిలో సమాధి మీద పెట్టడానికి తెచ్చిన తెల్లపూలు. మా అమ్మాయి కోసం, అంటే తన తల్లి కోసం.

"ఇక్కడేం చేస్తున్నావు, తీగల్లో దూరి?"

"నీ బండి మొహం చూస్తున్నానే."

"దాని మొహమేముంది చూడ్డానికి?" నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. నా చెయ్యి ఎక్కడుందో చూసింది. కొత్త ప్లాస్టిక్ మీద ఉంది నా చెయ్యి.

"ఆ రోజు ఏ దారిన వచ్చావే?"

"చెప్పాగా, కొండ మీది దారిన."

"కెన్నా."

పూలు రెండు చేతులతో పట్టుకుంది. చిన్నప్పుడు పాలగిన్నె ఒలకబోసి ఇలాగే నిలబడేది, నేను కొట్టకముందే కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"మంచులో ఏదో తగిలింది. పెద్ద చప్పుడేం కాదమ్మమ్మా. రేకు చప్పుడు. నాకేమీ కనపడలేదు. ముందు ఏమీ లేదు, ఒట్టు, రోడ్డు ఖాళీ. రెండు షిఫ్టులు చేసి వస్తున్నాను. లేడి అనుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాను. లేచేసరికి నువ్వు ఓపలమ్మమ్మ గురించి ఏడుస్తున్నావు." దగ్గరికొచ్చింది. గొంతు బాగా తగ్గించింది. "అది లేడే కదూ? నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను. లేడే కదూ, అమ్మమ్మా?"

మొదటి చినుకు ఆ నల్ల ముక్కు మీద పడి, జారకుండా నిలిచింది.

అప్పుడే చర్చి ముందు కంకర మీద టైర్ల చప్పుడయింది. షెరీఫు దగ్గర డిప్యూటీగా చేసే పోలీసు ఎల్‌వుడ్ దిగాడు. మా ఊరి కుర్రాడే, చర్చిలో నా ఒళ్ళో నిద్రపోయిన పిల్లాడు. టోపీ తలమీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. వాడు టోపీ తీశాడంటే ఎవరో పోయారన్నమాటే. మేం ఇద్దరం తీగల్లోంచి బయటికి వచ్చాం, ఆ పిల్ల నా మోచెయ్యి వదల్లేదు.

"అందరూ వినండి" అన్నాడు ఎల్‌వుడ్. "ఓపలమ్మ ఇందాక పోయింది. కళ్ళు తెరవలేదు."

ఒకావిడ చేతిలో గిన్నె జారి పడింది. ఎవరూ వంగి తీయలేదు.

"ఆర్విల్ మామా, రేపటి దాకా ఆగడానికి లేదు. ఇప్పుడిది దెబ్బ కేసు కాదు. నాతో రావాలి."

ఆర్విల్ చేతిలో కోడికూర పళ్ళెం ఉంది. దాన్ని తన బండి మీద జాగ్రత్తగా పెట్టాడు, ఒలక్కుండా. చేతులు ప్యాంటుకి తుడుచుకుని ముందుకి చాపాడు. లోంజో నేలని చూస్తున్నాడు. వాన పెరిగింది. వరసలో రెండు చిన్న బండ్లు పక్కపక్కనే తడుస్తున్నాయి, అంతమందిలో ఒక్కరికీ వాటివైపు చూడాలని తోచలేదు.

"వెస్టమ్మ గారూ, మీ తమ్ముడికి చెప్పేదేమన్నా ఉంటే చెప్పండి" అన్నాడు ఎల్‌వుడ్, మర్యాదగా.

ఒక మోచేతిని నా మనవరాలి వేళ్ళు నొక్కుతున్నాయి. ఎదురుగా నా తమ్ముడు నన్నే చూస్తున్నాడు. "అక్కా, పోనీలే" అన్నాడు, నేనేం చూసి వచ్చానో వాడికి తెలిసినట్టే. నేను నోరు తెరిచాను.

ఆ నోట్లోంచి వచ్చింది ఏమిటన్నది మా లోయలో తలా ఒకలా చెబుతారు. చాలా మాట్లాడాను అనేవాళ్ళున్నారు, మూగదానిలా నిలబడ్డాను అనేవాళ్ళూ ఉన్నారు, ఏది నిజమో ఇవాళ నేనూ తేల్చను. అందుకే మిమ్మల్ని దగ్గరికి రమ్మన్నాను. నేను ముసలిదాన్ని, నాకు రెండు వైపులా రక్తసంబంధమే. రేపు ఎవరైనా బతిమాలితే మాట మార్చినా మారుస్తాను. మీరు మారకండి. మేడలాంటి బండి ఎక్కినవాడికి ఆ దూడ అడ్డొచ్చి రెండోది కనపడలేదని, ఆ పొద్దున వాడు కప్పు చూడలేదని, డబ్బా చదునైంది గానీ గుంజకి గీత లేదని, నా చెయ్యి కొత్త ప్లాస్టిక్ మీద ఉందని గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళి ఇంకొకరికి చెప్పండి, నేను చెప్పినట్టే చెప్పండి. నా నోరు ఆగిపోయినా ఎవరో ఒకరి నోట్లో ఇది ఉండాలి.